పలచన చేసిన మందు

కృపానందానికి పంపకం అంటే ప్రాణం. అండమాన్‌ దీవుల్లో, రంగత్‌కు ఆరు మైళ్ల దూరంలో, పదకొండు తెలుగు ఇళ్లున్న ఊళ్లో ఆయన సంఘపెద్ద. పెద్ద చేప పడినా, పనసపండు పండినా పదకొండు వాటాలు పడాల్సిందే. చర్చికి రాని అసిరమ్మకు సైతం వాటా తప్పేది కాదు. ఇంత మంచివాడి వల్ల ఊరికి చెడు జరుగుతుందని ఎవరనుకుంటారు?

పశువులకు పట్టే పిడుదుల మందునూ ఆయన అలాగే పంచాడు. రంగత్ పశువుల ఆసుపత్రి నుంచి నెలకు ఒక చిన్న సీసా వచ్చేది. కొలత ప్రకారం కలిపితే అయిదు పశువులకు సరిపోతుంది. ఊళ్లో ఉన్నవి ముప్పై. అయిదు రొట్టెలతో అయిదు వేలమంది ఆకలి తీర్చిన ప్రభువు ఒక్క సీసాతో ముప్పై పశువులను కాపాడలేడా అని ఆయన నమ్మకం. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వాకిట్లో డ్రమ్ము నిండా నీళ్లు పోసి, సీసా ఒంపి, ప్రార్థన చేసి, ఇంటింటికీ సమంగా కొలిచి ఇచ్చేవాడు. మొదటి ఏడాది పిడుదులు జలజలా రాలాయి. ఊరంతా స్తోత్రం చెప్పింది.

ఆరేళ్లు గడిచాయి. ఎనభై తొమ్మిది వానాకాలం నాటికి పిడుదులకు ఆ మందు దున్నపోతు మీద వానే అయింది. చెవుల్లో, పొదుగు చుట్టూ, తోక కింద ఆముదపు గింజల్లా ఉబ్బి నింపాదిగా కూర్చున్నాయి. అసిరమ్మ ఆవుకు పిడుదుల వల్ల జ్వరం తగిలి, ఎర్రగా మూత్రం పోసింది. ఆమె ఆ ఆవు పాలు టీ కొట్లకు పోసుకుని బతుకుతోంది. కృపానందం బస్సెక్కి వెళ్లి పశువుల డాక్టరు సాంబశివరావును వెంటబెట్టుకొచ్చేసరికి ఆవు ప్రాణం పోయింది.

డాక్టరు దాని చెవిలోంచి ఒక పిడుదును పీకి చూశాడు. మందు ఎలా కలుపుతున్నారని అడిగాడు. కృపానందం ఉన్నదున్నట్టు చెప్పాడు, కాస్త గొప్పగానే.

"పిడుదులు దవాయికి అలవాటు పడిపోనాయేటి సార్? తాగుబోతుకి కల్లు ఎక్కనట్టు?"

"అలవాటు కాదండీ. మీరు వరి విత్తనం ఎలా కడతారు?"

"తాలు ఎగరబోసి గట్టి గింజ దాస్తాం."

"పిడుదుల్లోనూ అదే చేశారు. పలచటి మందుకు బలహీనమైనవి చచ్చాయి. కాస్త తట్టుకోగలిగినవి బతికాయి. ఒక్కోటి రెండు మూడు వేల గుడ్లు పెడుతుంది. పిల్లలకు తల్లి పోలికే. మరుసటి నెల మళ్లీ పలచటి మందు, మళ్లీ గట్టివే మిగిలాయి. ఇప్పుడు ఆ మందు పూర్తి మోతాదులో పోసినా ఇవి చావవు."

కృపానందం చచ్చిపడున్న ఆవు వైపు చూశాడు. ఏ చేత్తో మేలు చేస్తున్నాననుకున్నాడో ఆ చేత్తోనే ఆరేళ్లు పిడుదులకు విత్తనం కట్టాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

డాక్టరు వేరే రకం మందు సీసా ఒకటి ఇచ్చాడు. అదీ అయిదు పశువులకే, మిగతాది వచ్చే ఓడకు. నీళ్లు ఎక్కువైతే దీనికీ పాతదాని గతే పడుతుందని మరీ మరీ చెప్పి వెళ్లాడు.

"అందరూ పోసుకున్నదే గదా, తిలాపాపం తలా పిడికెడు. నువ్వొక్కడివే ఎందుకు మోత్తావు?" అంది భార్య మేరి.

"కలిపింది నాను," అన్నాడు కృపానందం.

ఆదివారం ఆరాధన అయ్యాక వాకిట్లో నిలబడి జరిగిందంతా చెప్పేశాడు. "తప్పు నాది. ఈ దవాయి బాగా పాడైన అయిదింటికే. అందులో నా ఆవు లేదు. మిగతావాటికి సేత్తో ఏరి కిరసనాయిల్లో ఎయ్యాల."

"అరె భయ్యా, ఇన్నేళ్లూ పంచి ఇప్పుడు అయిదిటికేనా?" అన్నాడు పక్కింటి యిర్మియా. "ఇంకో బకెట్టు నీళ్లు పోత్తే పోయేదేటి?"

"నాను పొయ్యను," అన్నాడు కృపానందం. అంతమందిలో ఒకరికి లేదని చెప్పడం ఆయనకు అదే మొదలు. కొలత గ్లాసు యిర్మియా చేతిలో పెట్టి, "ఇంక నా సేత్తో కొలవను, నువ్వే కొలు," అని పక్కకు తప్పుకున్నాడు.

ఆ అయిదింటిలో ఒకటైన తన పెయ్యను పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డ అసిరమ్మ ముందుకొచ్చింది. ఆవును పోగొట్టుకున్న మనిషి, ఏమంటుందోనని అందరూ బిగుసుకుపోయారు. ఆమె యిర్మియా చేతిలోంచి గ్లాసు తీసుకుని కృపానందానికి అందించింది.

"నువ్వే కొలు భయ్యా. ఆవు ఎలాగూ పోనాది, నాకీ పెయ్యొక్కటే మిగిలింది. సుక్క తేడా వత్తాదేమోనన్న బయం నీకున్నంత ఇక్కడ ఇంకెవులికుంది?"

కృపానందం గ్లాసు కళ్ల ఎత్తుకు లేపి మందు ఒంపబోయాడు. రెండుసార్లు కళ్లు తుడుచుకుంటేగాని కొలత గీత కనిపించలేదు.