ఫ్యాను వేయని గది

పొద్దున్నే బస్సులో కడ్డీ పట్టుకుని వేలాడి, కాలేజీ ముందు దిగి, మెట్లెక్కి తన గది తాళం తీసేసరికే అక్కకు సగం ప్రాణం పోతుంది. కాలేజీలో వాచ్‌మన్ దగ్గర్నుంచి డైరెక్టరు దాకా అందరూ ఆమెను అక్కా అనే పిలుస్తారు. చేరదామని వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి, కోర్సుల గురించి చెప్పి, ఫీజు కట్టించి పంపడం ఆమె ఉద్యోగం. ల్యాబ్ టెక్నీషియనా, ఎక్స్‌రేనా, మందుల షాపు పనా, ఏది కావాలంటే అది ఉంది. ఎంతమందిని చేర్పిస్తే ఆమెకు అంత జీతం.

ఆ గదిలో ఫ్యాను ఉంది కానీ వేయరు. అక్క అరచేతిలో స్వర్గం చూపించడం మొదలుపెట్టగానే ఆమె కాళ్ళు నేల విడుస్తాయి. చిన్న అబద్ధానికి జానెడు, పెద్దదానికి మనిషెత్తు. చేరిన కొత్తలో ఫ్యాను రెక్క తగిలి నుదురు చీరుకుపోతే, డైరెక్టరుగారు స్విచ్చి మీద ప్లాస్టరు అంటించారు. వచ్చినవాళ్ళు ఆమె గాల్లో తేలడాన్ని పెద్దగా పట్టించుకోరు. ఉద్యోగం గ్యారంటీయేనా అని అడుగుతారు, జవాబు వినడానికి తలెత్తుతారు, అంతే. మెడ నొప్పి పుట్టినవాళ్ళు సంతకం తొందరగా పెడతారు కూడా.

తేలడం తేలిక పనే అనుకుంటాం గానీ, పట్టుకోవడానికి ఏమీ లేని చోట రోజంతా నిలదొక్కుకోవాలంటే ఒళ్ళు హూనమైపోతుంది. అందుకే నాన్న కిరాణా కొట్టు ఎత్తేసినప్పుడు మిగిలిపోయిన తూకం రాళ్ళు రెండు సంచిలో వేసుకుని అక్క భుజానికి తగిలించుకుంటుంది. అవి ఆమెను కిందికి దించలేవు, కాస్త నిలకడనిస్తాయి. సాయంత్రానికి భుజం పీకేస్తుంది. ఇంటికెళ్ళి, అంతా బాగానే ఉందని అమ్మతో చెప్పి, మంచానికి జానెడెత్తున పడుకుంటుంది.

ఆ రోజు తలుపు తోసుకుని లోపలికి వచ్చింది ఆమె సొంత చెల్లెలు.

చెల్లెలు ఒక హోటలు లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. ఆవిరికి చేతులు మోచేతుల దాకా కమిలిపోయి ఉంటాయి. కూర్చుని చేసుకునే పని ఒకటి దొరికితే చాలని ఎన్నాళ్ళ నుంచో అంటోంది. ఇప్పుడు ఇంట్లో మాట మాత్రం చెప్పకుండా, కూడబెట్టుకున్నదంతా ఒక కవర్లో పెట్టుకుని వచ్చేసింది. ఎలాగూ చేరేదే కదా, అక్క లెక్కలో ఒకటి కలుస్తుందని ఆమె ఆలోచన. ఆ మాట చెప్పి నవ్వింది కూడా.

డైరెక్టరుగారు అటుగా పోతూ తల లోపలికి పెట్టి, ఈ నెల చేరికలు మరీ పలచగా ఉన్నాయని గుర్తుచేసి, మనింటి పిల్లే కదా, ఇవాళే కట్టించెయ్యమని చెప్పి పోయారు. ఇంకో నెల ఇలాగే ఉంటే ఈ గదిలోకి వేరే మనిషి వస్తుందని ఆయన కిందటి వారమే అన్నారు.

ల్యాబు ఎలా ఉంటుందని చెల్లెలు అడిగింది. రోజూ ప్రాక్టికల్సే అంది అక్క, కుర్చీలోంచి లేచింది. నిజానికి ఆ ల్యాబులో ఉన్నది ఒకే మైక్రోస్కోపు, దానికి లెన్సు లేదు.

చెప్పేవాళ్ళు మంచివాళ్ళేనా అని అడిగింది. అంతా అనుభవం ఉన్నవాళ్ళేనంటూ అక్క ట్యూబులైటు దాకా వెళ్ళింది. కిందటేడు చదివి ఎక్కడా పని దొరకనివాళ్ళే ఈ ఏడు పాఠాలు చెబుతున్నారు. ఉద్యోగాలొచ్చినవాళ్ళ లెక్కలో కాలేజీ వేసుకున్నదీ వాళ్ళనే.

చెల్లెలు కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుని పైకి చూసింది.

"ఈ సర్టిఫికెట్టు పెద్దాసుపత్రిలో చెల్లుతుందా అక్కా? నాకేం తెలుసు, నువ్వు చేరమంటే చేరతాను."

అక్క నెత్తి అప్పటికే సీలింగుకు ఆనింది. అక్కణ్ణుంచి చూస్తే చెల్లెలి పాపిడి, బల్ల మీద కవరు, దాన్ని పట్టుకున్న ఆ కమిలిన చేతులు కనిపించాయి. చేరు అనడానికి నోరు తెరిచింది. ఇన్నేళ్ళూ ఎవరెవరి చేతులు చూడకుండా ఇలా మాట్లాడిందో తలుచుకుంటే సిగ్గేసింది.

"చేరకే," అంది చివరికి.

కాళ్ళు మూరెడు కిందికి దిగాయి.

"చెల్లదు. ఎక్కడా చెల్లదు."

ఇంకో మూరెడు. ఇక ఆగలేదు. లెన్సు సంగతి చెప్పింది, పాఠాలు చెప్పేవాళ్ళ సంగతి చెప్పింది. పెద్దాసుపత్రివాళ్ళే ల్యాబు పని నేర్పిస్తారని, ఫీజు నామమాత్రమని, కాకపోతే పేరు రాయించుకుని ఏడాది ఆగాలని చెప్పేసరికి బొటనవేళ్ళు నేలకు తగిలాయి.

"ఇది నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదుగా," అంది అక్క, వెంటనే జానెడు పైకి లేచింది. కళ్ళు మూసుకుంది. "నలుగురికీ తెలిస్తే నా జీతం పోతుందని చెప్పలేదు." మళ్ళీ దిగింది.

చెల్లెలికి కోపమొచ్చిందని మొహం చూస్తేనే తెలుస్తోంది. తర్వాత కవరు తీసి సంచిలో పెట్టుకుంది.

"ఇప్పుడు నీ ఉద్యోగం?"

"పోతుంది," అంది అక్క. మడమలు కూడా నేలకు ఆనాయి.

ఈ గదిలో బరువు మోసే అలవాటు ఎప్పుడో తప్పిన కాళ్ళు కదా, పిక్కలు పట్టేశాయి. అక్క బల్ల అంచు పట్టుకుని నిలబడి, భుజం మీది సంచి తీసి తూకం రాళ్ళు రెండూ బల్ల మీద పెట్టింది. చెల్లెలు నాన్న రాళ్ళను గుర్తుపట్టింది. తలుపు దాకా వెళ్ళి, మనసు మార్చుకుని వెనక్కి వచ్చి, స్విచ్చి మీది ప్లాస్టరును గోటితో పీకి ఫ్యాను వేసింది. ఏళ్ళ తరబడి పేరుకున్న దుమ్ము ఇద్దరి మీదా రాలింది.

చెల్లెలు వెళ్ళగానే వరసలో తర్వాతావిడ, కూతుర్ని వెంటబెట్టుకుని, మొహం తుడుచుకుంటూ వచ్చింది. ఈ గదిలో ఎటు చూడాలో ఆవిడకు ఎవరో ముందే చెప్పినట్టున్నారు. రాగానే తలెత్తి తిరుగుతున్న ఫ్యాను చుట్టూ వెతికింది.

"ఇక్కడే ఉన్నానండీ, కిందే," అంది అక్క. "కూర్చోండి. ఏమడగాలనుకుంటున్నారో అడగండి."