గొర్లగుట్ట ఎక్కే బండ్లు

ఆదివారం తెల్లవారేసరికి గోపన్‌పల్లి చివర ఐలయ్య రేకుల షెడ్డు ముందు మట్టిబండ్లు వరస కడతాయి. మట్టిబండ్లంటే ఆఫీసుకు తిరిగేవి కావు. రాళ్ళలో, వాగుల్లో ఎగిరి దూకడానికి చేసిన పొడుగుకాళ్ళ మోటారుసైకిళ్ళు. వాటి మీద వచ్చేది వారమంతా చల్లటి గదుల్లో కుర్చీలకు అతుక్కుపోయే ఐటీ జనం. ఆదివారం ఒళ్ళు హూనం చేసుకుంటే గాని వాళ్ళకు ప్రాణం లేచిరాదు. ఐలయ్య ఒక్కొక్కరినీ బండి ఎక్కించి కుంగుడు కొలుస్తాడు.

కుంగుడంటే బ్రహ్మవిద్య ఏమీ కాదు. వెనక చక్రం గాలిలో ఉండగా ఇరుసు నుంచి మడ్‌గార్డు మీది గుర్తు దాకా ఒకసారి కొలవాలి. మనిషి కూర్చున్నాక మళ్ళీ కొలవాలి. తేడా నాలుగు అంగుళాలు రావాలి. తక్కువొస్తే స్ప్రింగు వదులు చేస్తాడు, ఎక్కువొస్తే బిగిస్తాడు. కూర్చునేవాళ్ళు హెల్మెట్టు, బూట్లు, వీపు మీద నీళ్ళ సంచితో సహా కూర్చోవాలి. చాలామంది సంచి పక్కన పెట్టేసి, పొట్ట లోపలికి పీల్చి మరీ కూర్చుంటారు.

"పెండ్లిచూపులకు వచ్చిన్రా ఏంది? పొట్ట ఇడువున్రి," అంటుంది టేపు పట్టుకున్న సత్తెమ్మ. ఆమె ఐలయ్య భార్య. తొమ్మిది కాగానే, ఎదురుగా ఉన్న పద్నాలుగు అంతస్తుల టవర్లో హౌస్ కీపింగ్ పనికి పోతుంది. అప్పటిదాకా టేపు ఆమెదే.

వెనక పని అయ్యాక ముందు ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే రెండు గొట్టాల కాళ్ళు. దాని నెత్తిన చిన్న మర ఉంటుంది. పూర్తిగా బిగించి, అక్కణ్ణించి వెనక్కి తిప్పుతూ టిక్కులు లెక్కపెట్టాలి. ఎన్ని టిక్కులు వదిలితే ఫోర్కు అంత మెత్తన. అందరూ వేళ్ళతో లెక్కపెట్టుకునే టిక్కుల్ని ఐలయ్య చెవి ఆనించి వింటాడు. అతని వేళ్ళకు తెలియదు.

ఆ వేళ్ళు మొద్దుబారి పదకొండేళ్ళయింది. ఒకసారి పొగలు కక్కే చాయ్ గ్లాసు పట్టుకొని కబుర్లు చెబుతుంటే, చర్మం కాలిన వాసన ముందు సత్తెమ్మకు వచ్చింది. అప్పట్నుంచి ఆమె చాయ్‌ని రెండు గ్లాసుల్లో తిరగబోసి, గ్లాసు తన చెంపకు ఆనించి చూసుకున్నాకే అతనికి ఇస్తుంది. ఈ మధ్య మొద్దుతనం మణికట్టు దాటి పైకి పాకుతోంది. స్పానర్లు జారిపోతున్నాయి. ఇంకో ఏడాదికి చేతులు పనికి రాకుండా పోవచ్చని దవాఖానలో డాక్టరు చెబితే సత్తెమ్మ బస్సులో దారిపొడుగునా ఏడ్చింది. ఐలయ్య మాత్రం ఇది న్యాయమే అనుకున్నాడు.

ఎందుకంటే ఆ వేళ్ళు చచ్చింది గొర్లగుట్ట మీద. ఇప్పుడు టవరున్న చోట ఒకప్పుడు గొర్లగుట్ట ఉండేది. చిన్నప్పుడు ఐలయ్య దాని మీదే చెప్పుల్లేని కాళ్ళతో గొర్లు కాశాడు. తర్వాత కాంట్రాక్టరు వచ్చి, కంప్రెసర్ డ్రిల్లు పట్టే మనిషి కావాలన్నాడు. ఊళ్ళో అందరికంటే ముందు చెయ్యెత్తినవాడు ఐలయ్యే. రెండేళ్ళు గుట్టకు తూట్లు కొట్టాడు. ఆ తూట్లలో మందు కూరి పేల్చారు, గుట్ట లారీలెక్కి పోయింది. మొదటి తూటు కొట్టింది శిఖరానికి కాస్త కింద ఉన్న దొడ్డిబండకు. మిట్టమధ్యాహ్నం అతని గొర్లన్నీ నీడకు చేరిన బండ అది.

గుట్ట పోయింది గాని, బొత్తిగా పోలేదు. ఐలయ్య చేత కుంగుడు కుదిరిన బండి టవరు పక్క రోడ్డు మీద కాస్త వేగం అందుకుంటే చాలు, గుట్ట ఎక్కడం మొదలుపెడుతుంది. రెండో అంతస్తు బాల్కనీ పక్క నుంచి, ఐదో అంతస్తు వంటింటి కిటికీ ముందు నుంచి రాళ్ళ మీద ఎగురుతూ పోతుంది. మొదట్లో సెక్యూరిటీ వాళ్ళు రిజిస్టర్లో సంతకం అడిగారు. గేటు గుండా రాలేదు కాబట్టి అక్కర్లేదని తేలింది. అసోసియేషన్ వాళ్ళు ఆదివారం ఆరు నుంచి ఎనిమిది దాకా టైము ఇచ్చి, హారన్ కొట్టరాదని బోర్డు పెట్టారు. తొమ్మిదో అంతస్తు రాజరాజేశ్వరి ట్రెజరీలో పనిచేసి రిటైరైన మనిషి. లేని గుట్ట దుమ్మంతా తన వడియాల మీదే పడుతోందని ఆవిడ రెండుసార్లు ఫోన్ చేసింది, అంతే.

పాదానికి ఆ గుట్ట అందదు, గాలే తగులుతుంది. బరువుకు తగ్గట్టు కుంగిన చక్రానికే రాయి తగులుతుంది. కుంగుడు సరిగ్గా లేని బండి గుట్టను పట్టుకోలేక రోడ్డు మీద స్కూటర్ల వెనకే పోతుంది, పరువు తప్ప ఇంకేం పోదు. ఎక్కాక మధ్యలో కుంగుడు తప్పితే ఏమవుతుందో మాత్రం, అదృష్టం కొద్దీ, ఎవరికీ తెలియాల్సి రాలేదు.

ఐలయ్య ఏనాడూ గుట్ట ఎక్కలేదు. అడిగితే నడుము నొప్పి అనేవాడు. ఎక్కేవాళ్ళకు ఒకటే చెప్పేవాడు: "దొడ్డిబండ కాడ ఎనకకు తిరగాలె. దాని మీదికెల్లి తోవ లేదు."

అది అబద్ధం. తోవ ఉంది. అది తెలిసిన మనిషి భూమ్మీద అతనొక్కడే.

లేదన్నచోటే వెతకడం భానుశ్రీకి ఉద్యోగం. మియాపూర్‌లో ఉంటుంది, భీమవరం వైపు పిల్ల, సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే పని. ఎదుటివాళ్ళ పనిలో ఆవగింజంత తప్పును వదలదు గాని తన బండి జోలికి రాదు. పోయిన ఆదివారం ఐలయ్య ఆమె బండి ఫోర్కు ఎడమ కాలి మీద నూనె చార చూపించాడు.

"నూనె ఆపే సీలు కింద ఇసుక చేరింది మేడం. ఒక్క నిమిషం ఆగున్రి, తీసేస్త."

"వచ్చే వారం పక్కా అండి. మా వాళ్ళు కాల్‌లో ఉన్నారు," అంటూ వెళ్ళిపోయింది. ఈ ఆదివారమేమో జనం ఎక్కువుండి, కుంగుడు కొలిపించుకొని చార సంగతి ఎత్తకుండానే జారుకుంది.

ఎనిమిదికి పది నిమిషాలుందనగా ఐలయ్య ఫోన్ మోగింది.

"ఐలయ్య గారూ, తొమ్మిదో అంతస్తు రాజరాజేశ్వరినండి. వడియాల గొడవ కాదు లెండి. భానుశ్రీ అనే అమ్మాయి మా నీళ్ళ ట్యాంకు పక్కన ఆగిపోయిందండి. బండి ముక్కు కిందికి దిగిపోతోంది. పిల్ల కదల్లేక అలాగే కూర్చుంది. ఫైరింజను నిచ్చెన పదకొండో అంతస్తు దాకానే వస్తుందట. మా సెక్రటరీ శ్రీనివాసరావు గారేమో ఎనిమిది దాటితే పర్మిషన్ లేదంటున్నారు."

ఐలయ్య బయటికొచ్చి తల ఎత్తి చూశాడు. టవరు నెత్తి పక్కన, ఆకాశంలో, ఎర్రటి బండి బొమ్మలా కనిపించింది. తను లేదన్న తోవను వెతికి పట్టుకొని, దొడ్డిబండ దాటి పోయింది. మిగిలినవాళ్ళంతా దిగి వచ్చేశారు. నూనె కారిపోతే ఫోర్కు బరువు ఆపదు. బరువు ఆపని చక్రాన్ని గుట్ట మొయ్యదు.

షెడ్డు మూలన అతని పాత బండి ఉంది. సత్తెమ్మ అప్పటికే దాన్ని బయటికి లాగి, టేపు చేతికి తీసుకుంది.

"కూసో. పానల సంచి కూడ తగిలించుకొని కూసో."

ఐలయ్య కూర్చోలేదు. "నన్ను మొయ్యదే సత్తెమ్మా. దొడ్డిబండకు మొదటి తూటు కొట్టింది నేనే. గందుకే నా వేళ్ళు తీసుకున్నది. ఇప్పుడు నేను పోతే నాతోటి ఆ పిల్లను గూడ కింద పడేస్తది."

పదకొండేళ్ళుగా దిగమింగుకున్న మాట అది. సత్తెమ్మ టేపు కిందికి దించింది.

"గిన్నేండ్ల సంది గుట్ట మోస్తున్నది ఎవలు బిగిచ్చిన బండ్లను? పెద్ద షోరూముల బిగిపిచ్చుకొని వచ్చినోళ్ళు రోడ్డు మీదనే ఉరికిన్రు గదా. నీ మీద కోపమున్నదైతే నీ చేతిపని దానికెందుకు నచ్చుతది? జర సోచాయించు."

ఐలయ్య స్పానర్ల సంచి భుజానికి తగిలించుకున్నాడు. బండెక్కాడు. ఆమె మోకాళ్ళ మీద కూర్చొని కొలిచింది. ఒక దారమంత ఎక్కువ వచ్చింది. అర చుట్టు బిగించి మళ్ళీ కొలిచింది.

"నాలుగు. పో."

రోడ్డు వదిలి ముందు చక్రం పైకి లేవగానే ఐలయ్యకు ఏడుపొచ్చింది. కళ్ళకు కిటికీలు, బాల్కనీలు తప్ప ఏమీ కనిపించడం లేదు. చక్రం కింద మాత్రం ఒక్కో రాయీ పేరు చెప్పుకుంటూ వస్తోంది. ఇది గొర్రెపిల్ల పుట్టిన చోటు. ఇది తేలు కుట్టిన మెట్టు. మూడో అంతస్తులో పళ్ళు తోముకుంటున్న పెద్దమనిషి కాస్త పక్కకు తప్పుకున్నాడు. తొమ్మిదో అంతస్తులో రాజరాజేశ్వరి వడియాల బట్టను గబగబా లోపలికి లాగి, చేతులు జోడించింది.

దొడ్డిబండ దగ్గర పళ్ళు బిగించాడు. తను కొట్టిన తూటులో చక్రం పడుతుందనుకున్నాడు. పడలేదు. చక్రం కింద బండ నిండుగా, నున్నగా ఉంది. ఎవరూ ఏనాడూ తాకనట్టు ఉంది. దాన్ని చుట్టుకొని చిన్నప్పటి గొర్ల తోవలో పైకి ఎక్కాడు.

భానుశ్రీ బండి కంటికి కనబడని రెండు రాళ్ళ నడుమ ఇరుక్కొని నిలబడి ఉంది. ముందు చక్రం సగం దాకా రాతిలోకి దిగిపోయింది. ఆమె హ్యాండిల్‌ను రెండు చేతులా పట్టుకొని కూర్చుంది.

"సారీ అండి. మీరు చెప్పారు, నేను వినలేదు," అంది. "కాలు కింద పెట్టి చూశాను. ఏమీ లేదండి అక్కడ."

"కదలకు బిడ్డా. నేనొచ్చిన గదా."

ఆమెను మేడం అనడం మర్చిపోయాడు. కుడి పక్కగా ఆనుకొని బండి ఆపాడు. నూనె కారుతున్నది ఫోర్కు ఎడమ కాలు. ఎడమ వైపు, అతనికి గుర్తున్నంతలో, మనిషి దూరేంత సందే గాని బండి పోదు. వంగి చూశాడు, చెయ్యి అందలేదు. అవతలికి పోవాలంటే దిగాలి. దిగితే బరువు తప్పి తన బండీ పోతుంది, తనూ పోతాడు. కింద పద్నాలుగు అంతస్తుల లోతులో ఈతకొలను నీలంగా, అరచేతంత కనిపించింది. అతను చూస్తుండగానే భానుశ్రీ చక్రం ఇంకో వేలెడు దిగింది. ఆమె కళ్ళు మూసుకొని వాళ్ళమ్మను తలుచుకుంది.

ఐలయ్య చెప్పులు విడిచాడు. అవి గాలిలో గిరగిర తిరుగుతూ పోయాయి.

"నిన్ను పగలగొట్టినోణ్ణి నేనే," అన్నాడు మెల్లగా. "మోస్తే నన్ను మొయ్యి. లేకుంటే నన్నొక్కణ్ణే ఇడువు, పిల్లను ఇడువకు."

పాదం దించాడు. రాయి తగిలింది. పొద్దుటి ఎండకు అప్పుడప్పుడే వేడెక్కుతున్న రాయి, చిన్నప్పటి రాయి. రెండో పాదమూ దించాడు. వెనక అతని బండి కూడా, మనిషి దిగినా, ఉన్నచోటే నిలబడింది.

చుట్టూ నడిచి అవతలి సందులో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. సంచిలో ఎక్స్‌రే ముక్కలుంటాయి. దవాఖానలో తీసిన తన చేతుల ఎక్స్‌రేనే, ఎట్లాగూ బాగుపడేది లేదని, సన్నగా కత్తిరించి పెట్టుకున్నాడు. ఫోర్కు మీది రబ్బరు తొడుగు కిందికి జార్చి, ఆ ముక్కను సీలుకు, గొట్టానికి మధ్య దూర్చి చుట్టూ లాగాడు. నల్లటి నూనెతో పాటు ఒక ఇసుక రేణువు బయటికొచ్చింది. దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూసి, ఇదేనని విదిల్చేశాడు. కారిన నూనెకు బదులుగా పైమరను బిగించాడు. ఒక టిక్కు, రెండు టిక్కులు.

"ఇప్పుడు బ్రేకు పట్టి ముందుకు బలంగా ఒత్తు. ఇంకోసారి. భయపడకు, ఒత్తు."

ఐదోసారికి ఫోర్కు ఊపిరి తీసుకున్నట్టు పైకి లేచింది. చక్రం రాతి మీదికి వచ్చి నిలబడింది. సీలు చుట్టూ చుక్క నూనె లేదు. భానుశ్రీ అప్పుడు ఏడ్చింది. ఐలయ్య ఆమెను ఏడవనిచ్చి, బండెక్కి ముందు దారి చూపుతూ, దొడ్డిబండ దగ్గర ఒక క్షణం ఆగి, కిందికి దింపాడు.

షెడ్డు దగ్గర జనం మూగారు. భానుశ్రీ సత్తెమ్మ భుజం మీద తల పెట్టుకొని, ఇకమీద వారం వారం సీళ్ళు తుడుస్తానని ఒట్టు వేసింది. తుడిచేది చూద్దాం లెమ్మని సత్తెమ్మ ఆమెకు మంచినీళ్ళిచ్చింది. అందరికీ చాయ్ పోసింది. ఆ కంగారులో తిరగబోయడం, చెంపకు ఆనించడం మరిచి, పొయ్యి మీంచి దింపిన చాయ్‌ని అలాగే మొగుడి చేతిలో పెట్టింది.

"అబ్బ, కాలుతున్నదే," అన్నాడు ఐలయ్య, గ్లాసు కింద పెట్టి వేళ్ళు ఊదుకుంటూ.

సత్తెమ్మ అతని చేతులకేసి చూసింది. అతనూ చూసుకున్నాడు. బొటనవేలితో ఒక్కో వేలి కొసనూ తాకి చూశాడు. నూనె జిడ్డు తెలిసింది, గోరు అంచు తెలిసింది. మళ్ళీ గ్లాసు పట్టుకున్నాడు, కాలుతున్నా వదల్లేదు.

సత్తెమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఇగ నుంచి నువ్వే ఊదుకొని తాగు," అంది.