మందలో ఇద్దరం

ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనాల లోపు అన్సెల్మోకి ఒక్క మాట చెప్పేయాలి: నేను నిన్ను పెళ్లి చేసుకోను. చెప్పకపోతే వాళ్లమ్మ దోన్యా ఒబ్దూలియా గొర్రెపిల్ల మాంసం కూర వడ్డిస్తూ, చర్చి ఫాదర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, సెప్టెంబరులో మా పెళ్లి తేదీ బయటపెట్టేస్తుంది. ఆ తర్వాత ఊరంతా తేదీని తలకెత్తుకుంటుంది. నన్నడిగేవాళ్లు ఉండరు.

మేం మాటనుకుని తొమ్మిదేళ్లయింది. మా ఎస్త్రెమదూరా పల్లెల్లో ఇదేం వింత కాదు. ముందు ఇల్లు లేవాలి, మంచాలు బీరువాలు రావాలి, ఆ తర్వాతే పెళ్లి. ఈలోగా ఇద్దర్నీ మొగుడూ పెళ్లాల కిందే జమకట్టేస్తారు. మా అమ్మ దుప్పట్ల మీద మా పేర్లు కుట్టేసి కూడా ఎన్నాళ్లయిందో.

ఆదివారం వస్తే చాలు, మేమిద్దరం సైకిళ్ల మీద రిజర్వాయరు చుట్టి రావాల్సిందే. అది డ్యాము వాళ్ల కంకర బాట. రెండు వైపులా గొలుసులు కట్టి ఉంటాయి కాబట్టి కార్లు రావు. మా సైకిళ్లు లావు టైర్లవి, ఒకే రంగువి, రెండూ అన్సెల్మో కొన్నవే. అతను ముందు, నేను వెనక అతని దుమ్ము తింటూ. "గేరు తగ్గించు కసిల్దా!" "నీళ్లు తాగు!" "కుడివైపు రాళ్లున్నాయి, చూసుకో!" చూసుకోకపోతే పడతాను, నాకు తెలీదా?

అతను చెడ్డవాడు కాదు. నా టైరు పంక్చరైతే నన్ను చెయ్యి వెయ్యనివ్వడు, తనే మోకాళ్ల మీద కూర్చుని అతికిస్తాడు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. దుర్మార్గుణ్ని వదిలేస్తే నలుగురూ వెనకేసుకొస్తారు. మంచివాణ్ని వదిలేస్తే నీకేం పొయ్యేకాలమని అడుగుతారు.

డ్యాము దగ్గరే మొదలుపెట్టాను. "అన్సెల్మో, నీకొక మాట చెప్పాలి."

"గట్టెక్కాక చెప్పు. ఎక్కేటప్పుడు మాట్లాడితే ఆయాసం వస్తుంది."

గట్టెక్కాం. నేను నోరు తెరిచేలోపే అతను మా కాబోయే ఇంటి సంగతి ఎత్తాడు. ఆ ఇల్లు వాళ్లమ్మ ఇంటి పై అంతస్తు. "మెట్ల దగ్గర తలుపు దండగంటోంది అమ్మ. మనం మనం ఒకటే కదా!"

"తలుపు లేకుండా ఎలా..."

"అబ్బబ్బ! నీకెప్పుడూ ఏదో ఒక పేచీ!" గొంతు లేచింది. అది కోపం కాదు, అలవాటు. ఊళ్లో కాఫీ బారులో అతను మాట్లాడుతుంటే టీవీలో ఫుట్‌బాల్ కూడా వినపడదు. ఆ గొంతు పైకి లేచినప్పుడల్లా నా గొంతు లోపలికి పోతుంది. తొమ్మిదేళ్లుగా ఇదే తంతు. ముందున్న అతని వీపు చూస్తూ తొక్కాను.

రిజర్వాయరు అవతలి కొసన గొర్రెల గేటు వచ్చింది. గేటు లోపల బాట నిండా కాపరి ఎలాదియో బాబాయ్ మంద పరుచుకుని ఉంది. నిన్నో మొన్నో పుట్టిన పిల్లలు తల్లుల పొట్టల కింద దూరుతున్నాయి. "ఒడ్డు వెంబడి చుట్టు తిరిగి పోదాం, పిల్లలున్నాయి," అన్నాను.

"బాట ఇటే చూపిస్తోందిగా!" హ్యాండిల్ మీది మ్యాపు తెర మీద వేలితో కొట్టి, సైకిలు దిగి మంద మధ్యలోకి తోసుకుంటూ వెళ్లాడు. నేనూ వెళ్లాను. ఎప్పుడూ వెళ్లేదాన్నే కదా.

మంద నడిమధ్యకి చేరాక ఓక్ చెట్ల కింద నుంచి మూడు కాపలా కుక్కలు లేచాయి. దూడంతేసి ఉన్నాయి, మెడల్లో తోడేళ్లు కరవకుండా కట్టిన ముళ్ల పట్టీలు. మీద పడలేదు. తాపీగా వచ్చి ఒకటి ముందు బాటకి అడ్డంగా పడుకుంది, రెండు వెనక్కి వెళ్లి గేటు దగ్గర కూర్చున్నాయి. నా పైప్రాణాలు పైనే పోయాయి. ఇలాంటప్పుడు పరుగెత్తకూడదు, సైకిలు అడ్డం పెట్టుకుని కాపరి వచ్చేదాకా ఉన్నచోటే ఉండాలి. ఇది మా దగ్గర చంటిపిల్లలకి కూడా తెలుసు. కాపరేమో ఎక్కడున్నాడో. ఫోను చూస్తే సిగ్నల్ లేదు.

"ఎలాదియో!" అని అరిచాడు అన్సెల్మో.

మూడు కుక్కలూ ఒక్కసారి లేచి నిలబడ్డాయి. వాటి గుర్రుమనే చప్పుడు నా అరికాళ్ల దాకా దిగింది. ఇద్దరం సైకిళ్ల మధ్య చతికిలబడ్డాం. మేం కిక్కురుమనకపోయేసరికి అవి మళ్లీ పడుకున్నాయి. గొర్రెలు మమ్మల్ని ఒరుసుకుంటూ చుట్టూ మూగాయి. ఒక పిల్ల వచ్చి నా ఒళ్లో తల పెట్టుకుంది. ఒక ముసలి గొర్రె అన్సెల్మో హ్యాండిల్ పట్టీ నమలడం మొదలుపెట్టింది.

"ఇప్పుడెలా? అమ్మ వండింది చల్లారిపోతుంది," అన్నాడు గుసగుసగా.

తొమ్మిదేళ్లలో అతని గుసగుస వినడం అదే మొదటిసారి. కుక్క వంక చూశాను, అతని వంక చూశాను. భయం భయంగానే ఉంది. కానీ భయంలోనే ఒక సంగతి తట్టింది: ఇక్కడ ఇరుక్కున్నది నేనొక్కదాన్నే కాదు.

"అన్సెల్మో," అన్నాను మెల్లగా. "ఆ మెట్లకి తలుపు ఎందుకొద్దు?"

"మళ్లీ అదేనా! ఎన్నిసార్లు..." ముందున్న కుక్క తల ఎత్తి పళ్లు చూపించింది. అన్సెల్మో గుటక వేశాడు. "...ఎన్నిసార్లు చెప్పాను, బంగారం," అన్నాడు, తేనె పూసినట్టు. నాకు నవ్వాగలేదు. పాపం అనిపించింది కానీ నవ్వే ముందొచ్చింది.

"నవ్వుతావేం? సరే, తలుపు పెట్టిద్దాంలే."

"తలుపు గురించి కాదు."

"మరి? ఎండ తగిలిందా? కాసిని నీళ్లు తాగు."

"నాకు దాహంగా లేదు. నాకు దాహం వేసేదాకా నువ్వెప్పుడైనా ఆగావా?"

అతను ఏదో అనబోయి కుక్కని చూసి ఆగాడు. ఆగితే ఇంకేముంది, నేను చెప్పుకుంటూ పోయాను. సైకిలు రంగు దగ్గర్నుంచి దుప్పట్ల దాకా. అతని వెనక తొక్కుతూ ఎన్నిసార్లు ఈ బాటలో ఏడ్చానో, వెనక్కి తిరిగి చూడడు కాబట్టి అతనికెలా తెలీలేదో. అతను విన్నాడు. వినక చస్తాడా.

"నేను అంత చెడ్డవాణ్నా కసిల్దా?" అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కాదు. చెడ్డవాడివైతే మొదటి ఏడే చెప్పేసేదాన్ని."

"ఇంటికెళ్లి మాట్లాడుకుందాం. భోజనాలయ్యాక."

ఈ బాట ఎటు తొక్కినా చివరికి తేలేది వాళ్లమ్మ గుమ్మం ముందే. అక్కడ ఈ కుక్కలుండవు. ఫాదర్ ఉంటాడు, కూర ఉంటుంది, అన్సెల్మో గొంతు అతనికి తిరిగొస్తుంది. అసలు మాట ఇంకా నా నాలుక మీదే ఉంది. ఇప్పుడే చెప్పాలని అనుకుంటుండగానే, గేటు దగ్గర కర్ర చప్పుడైంది.

"ఏం పిల్లలూ, నా మందలో చేరారా?" ఎలాదియో బాబాయ్ గొర్రెల్ని తప్పించుకుంటూ మా దగ్గరికి వచ్చాడు. నోట్లో ఇంకా బారు కాఫీ వాసనే. "చేరితే చేరారు గానీ, జూన్‌లో ఉన్ని కత్తిరిస్తాను మరి!"

అన్సెల్మో మొహంలోకి రంగు వచ్చింది. ఛాతీ నిండా గాలి పీల్చాడు. ఆ పీల్పు నాకు తెలుసు. దాని వెనకే గొంతు వస్తుంది. బాబాయ్ కుక్కల్ని పిలవడానికి రెండు వేళ్లు నోట్లో పెట్టుకున్నాడు.

"బాబాయ్, ఆగు. అప్పుడే పిలవకు."

"ఏమ్మా, భయం వెయ్యట్లేదా?"

"వేస్తోంది. కాసేపు ఉండనీ. నేను చెప్పాల్సింది ఇంకొక్కటి మిగిలిపోయింది."

ముసలాయన నన్ను చూశాడు, అన్సెల్మోని చూశాడు. వేళ్లు నోట్లోంచి తీసి, బండ మీద కూర్చుని, సంచిలోంచి రొట్టె ముక్క తీసుకున్నాడు. "కానియ్. నాకేం తొందర లేదు."

అన్సెల్మో నోరు తెరిచాడు. కుక్క తల ఎత్తింది. అన్సెల్మో నోరు మూశాడు.

అప్పుడు, నా ఒళ్లో తల పెట్టిన గొర్రెపిల్ల కూడా ఉలిక్కిపడనంత మెల్లగా, చెప్పాను.

"అన్సెల్మో, నేను నిన్ను పెళ్లి చేసుకోను."

బాబాయ్ రొట్టె నమలడం ఆపేశాడు.