గరిటె విడవని మనిషి

"అమ్మా, గీ మూత మీద మనుషులున్నరు" అంది పనిమనిషి రుక్కమ్మ, పెరట్లో అంట్లు తోముతూ.

లలితకుమారి పొయ్యి తగ్గించి వెళ్లి చూసింది. బియ్యం డబ్బా మూత అది. బూడిద పెట్టి తోమేసరికి ఆ పొడి గీతల్లో తెల్లగా ఇరుక్కుని, ఎనిమిదేళ్లుగా కనబడని జనమంతా బయటపడ్డారు. గొడవల నాటి వీధిలో ఎటు పోవాలో తెలియక ఒకరినొకరు తోసుకుంటూ పరిగెత్తేవాళ్లు, చెప్పులు జారిపోయినవాళ్లు. మధ్యలో బిడ్డను చంకనేసుకున్న ఆడమనిషి. ఆమె చేతిలో గరిటె.

పెళ్లికి ముందు, బొమ్మల కాలేజీలో చదివేటప్పుడు, జింకు రేకు మీద సూదితో గీసి ఆసిడ్‌లో నానబెట్టి తను చేసిన బొమ్మ. ఆ రేకునీ, దానికి సిరా పూసి అచ్చు తీసిన కాగితాన్నీ కాపురానికి తెచ్చుకుంటే భర్త చలపతిరావు ఎంత నవ్వాడని! "ప్రాణభయంతో పారిపోయేది గరిటె పట్టుకుంటుందా లలితా? అది చెరిపేయ్" అన్నాడు. మంచివాడే. చెయ్యెత్తడు, గొంతెత్తడు. నవ్వుతాడంతే. షామీర్‌పేటలో ఈ ఇంటికి పాలు పొంగించిన రోజు అత్తగారు, "శుభమా అని చేరుతూ ఈ ఏడుపు మొహాలేంటమ్మా" అని కాగితాన్ని అటకెక్కించి, రేకు మాత్రం బియ్యం డబ్బాకు మూతగా సరిగ్గా సరిపోయిందని మురిసిపోయింది. లలితకుమారి తలూపింది. అలా తలూపినందుకు ఇప్పటికీ తన మీద తనకే కోపం. రోజులు గడిచేకొద్దీ ఆ గరిటె నిజంగానే తప్పేమోనని నమ్మి, మళ్లీ సూది పట్టనే లేదు.

రుక్కమ్మ తడి వేలితో ఆ గరిటెను నిమిరింది.

"గొడవలప్పుడు పట్నంల ఓ ఇంట్ల వంట జేస్తుంటి. అందరు ఉరుకుతుంటే పిల్లనెత్తుకొని నేను గూడ ఉరికిన. మా ఊరు అలియాబాద్ జేరినంక జూసుకుంటే చేతిల పప్పు గంటె. మా ఆయన ఇప్పటికీ నవ్వుతడు. గిది నీకెవరు జెప్పిన్రమ్మా?"

"ఎవరూ చెప్పలేదు" అంది లలితకుమారి. రుక్కమ్మ ఆమె చేతికేసి చూసి నవ్వింది. పోపు గరిటె అందులోనే ఉంది. ఇద్దరూ కళ్లు తుడుచుకునేదాకా నవ్వారు.

సాయంత్రం చలపతిరావు బియ్యం డబ్బా మీద కంచం చూసి, "మూతేది లలితా?" అన్నాడు.

"అది మూత కాదండీ, నేను గీసిన బొమ్మ. హాల్లో రెండు మేకుల మీద నిలబెట్టాను."

వెళ్లి చూసి, అలవాటుగా నవ్వాడు. "ఇంకా గరిటె పట్టుకునే ఉందా?"

"ఉందండీ. రేపు ఆదివారం మీరు పట్టుకోండి. నేను కొత్త రేకు కొనుక్కోడానికి సికింద్రాబాద్ వెళ్తున్నాను."