ముసల్దాని ముందు చక్రాలు

"ముసల్దాని స్టీరింగ్ బిగుసుకుపోయిందక్కా. మలుపు తిప్పాలంటే ప్రాణం మీదికొస్తోంది. ఒక్కసారి చూడు" అంటూ తమ్ముడు షెడ్డులోకి వచ్చిన రోజు, లోపం బండిలోనే ఉంటుందని అక్క కూడా అనుకుంది.

ముసల్దంటే అతని పికప్పు. వాళ్లిద్దరూ పుట్టకముందు తయారైన బండి. గుండ్రటి దీపాలు, మందపాటి రేకు, తలుపు వేస్తే బావిలో రాయి పడ్డట్టు చప్పుడు. వెనక తొట్టిలో చెక్క చట్రం నిలబెట్టి, అందులో అద్దాలు పేర్చుకుని ఊరంతా తిరిగేవాడు. కొట్ల ముందు బిగించే పెద్ద పలకలు, బీరువా అద్దాలు, కిటికీ అద్దాలు. పద్దెనిమిదేళ్లలో అతని చేతిలో పగిలినవి మూడంటే మూడు. "గతుకు కనపడితే ముందు నా గుండె పగులుతుంది. అందుకే అద్దం మిగులుతుంది" అని నవ్వేవాడు.

అక్కకు పాత బండ్లు బాగుచేయడమే బతుకు. వీధిలో చిన్నా పెద్దా అందరూ ఆమెను స్పానరక్క అనే పిలిచేవారు. అసలు పేరు బ్యాంకువాళ్లకు తప్ప ఎవరికీ గుర్తులేదు. ఆ రోజు ఆమె ముసల్దాని కిందికి దూరి కీళ్లన్నీ కదిపి చూసింది, గ్రీజు పెట్టింది, టైర్లలో గాలి చూసింది. చివరికి తనే ఎక్కి వీధి చివరిదాకా నడిపి వెనక్కి తిప్పుకొచ్చింది. స్టీరింగు ఎప్పుడూ ఉన్నంత బరువుగానే ఉంది, వీసమెత్తు ఎక్కువ లేదు. దిగి తమ్ముడి చేతులకేసి చూసింది. కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ ఉండాల్సిన చోట గుంట పడి ఉంది.

"ఈ చెయ్యేంట్రా ఇలా అయింది?"

"ఏమో. ఈమధ్య చొక్కా గుండీలు కూడా మాట వినట్లేదు."

నాలుగు నెలలు ఆసుపత్రుల చుట్టూ తిరిగారు. నరాలు ఒక్కొక్కటే కండలకు కబురు పంపడం మానేస్తున్నాయని పెద్ద డాక్టరు చెప్పాడు. మందు లేదన్నాడు. "చేతుల తర్వాత ఏమిటండీ?" అని తమ్ముడి పెళ్లాం, ఆమె మరదలు, అడిగితే, అది చెప్పలేమమ్మా అన్నాడు. ఆమె ఇంట్లో బడి యూనిఫారాలు కుడుతుంది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి మిషను ముందు కూర్చుని, ఒకే చొక్కాకు రెండు ఎడమ చేతులు కుట్టింది.

తమ్ముడు మాత్రం పట్టు వదల్లేదు. "చేతులు పోతే పోనీ, కాళ్లున్నాయిగా. ముసల్దానికి పవర్ స్టీరింగ్ పెట్టక్కా. రెండు వేళ్లతో తిప్పేస్తా. నా అద్దాలు నేను మోసుకుంటా. ఎత్తి దించడానికి కొట్లవాళ్లున్నారు" అన్నాడు.

అది కాని పని అని అక్క అనలేకపోయింది. పాత సామాన్ల యార్డులన్నీ గాలించి, ముందు భాగం బాగానే ఉన్న ఒక వ్యాను పట్టుకుంది. దాని ముందు చక్రాల ఇరుసును, అంటే యాక్సిల్‌ను పవర్ స్టీరింగ్‌తో సహా విప్పుకొచ్చింది. చక్రానికి ఆరు బోల్టులు, ముసల్దానికీ ఆరే. పట్టుబట్టి పదిరోజుల్లో ఎక్కించింది. అయితే ఆ యాక్సిల్ పొట్టిది. రెండు పక్కలా అంగుళం పైన తక్కువ. ముందు చక్రాలు లోపలికి పోయి, ముసల్ది చలికి భుజాలు ముడుచుకున్న మనిషిలా కనిపించింది. చూపుకేముంది, సర్దుకోవచ్చు. కానీ స్టీరింగు చివరిదాకా తిప్పితే టైరు వెళ్లి బండి బరువు మోసే కమాన్ పట్టీలకు రాసుకుంటోంది.

"స్పేసర్లు వెయ్యాలి" అంది అక్క. ఇరుసు చివర చక్రం కూర్చునే హబ్‌కీ చక్రానికీ మధ్య మందపాటి బిళ్ల బిగిస్తే చక్రం అంతమేర బయటికి వస్తుంది.

బజారులో స్పేసర్లు కొక్కేలకు దండల్లా వేలాడుతున్నాయి. నీలం, ఎరుపు, బంగారు రంగు. అక్క ఒకటి తీసి మధ్య రంధ్రంలో వేలు పెట్టి చుట్టూ తిప్పింది. ఆ రంధ్రం ముసల్దాని హబ్‌కు వదులు. హబ్ మీద బిగుతుగా కూర్చోకపోతే స్పేసర్ బరువంతా బోల్టుల మీదే మోపుతుంది. స్పీడు పెరిగితే చక్రం వణుకుతుంది, ఏదో ఒకనాడు బోల్టు తెగుతుంది. "ఇవి గాజుల కొట్లో పెట్టి అమ్ముకో అన్నా" అని కొట్టువాడికి తిరిగిచ్చేసి, తిన్నగా మిల్లీమీటర్ మామ దగ్గరికి వెళ్లింది.

మామ ఇనుము చెక్కే లేత్ పనివాడు. కూతురి పెళ్లిచూపుల్లో కూడా పెళ్లికొడుకు ఎత్తు మిల్లీమీటర్లలో అడిగాడని చెప్పుకుంటారు. స్పేసర్ హబ్ మీద టోపీలా బిగుతుగా కూర్చోవాలని, దానికి సొంతంగా ఆరు బోల్టులుండి చక్రం వాటికి పట్టాలని అక్క బొమ్మ గీసి చూపించింది.

"మందం ఎంత?"

"రేపు కొలిచి చెప్తా."

ఆ మర్నాడు జరిగింది ఆమె జన్మలో మర్చిపోలేదు. ముసల్ది ముందు భాగం జాకీ మీద గాల్లో ఉంది. తమ్ముడు పక్కనే స్టూలు మీద కూర్చుని, మరదలు కలిపి తెచ్చిన అన్నం చెంచాతో తింటున్నాడు. చెంచా నోటిదాకా వెళ్లి జారిపోయింది. అతను వంగి తీయబోయాడు, వేళ్లు నేలంతా తడిమాయి కానీ చెంచా చేతికి చిక్కలేదు. అక్క చూడనట్టు ముఖం తిప్పుకుని చక్రాన్ని చివరిదాకా తిప్పింది, టైరుకీ పట్టీకీ మధ్య కొలత తీసింది, బొగ్గుముక్కతో గోడమీద ఇరవై అయిదు అని రాసింది. బండి బరువు నేలమీద దిగకుండా ఆ కొలత తీయకూడదు. బరువు పడితే కమాన్లు చదునవుతాయి, టైరు పొట్ట ఉబ్బుతుంది. ఈ ముక్క ఆమె ఎంతమందికి చెప్పి ఉంటుందో లెక్కలేదు.

మామ రెండు వారాల్లో స్పేసర్లు చేసిచ్చాడు. చేత్తో పట్టుకుంటే అద్దంలా ముఖం కనిపిస్తోంది. అక్క హబ్ మీది తుప్పంతా ఇనుప బ్రష్షుతో గీకి, మధ్యలో ఇసుక రేణువు కూడా లేకుండా గుడ్డతో తుడిచి, స్పేసర్ ఎక్కించింది. ఎదురెదురు నట్లు జత జతగా, రెంచ్ టక్కుమనేదాకా బిగించింది. చక్రాలు పెట్టింది. తమ్ముడు అప్పటికే సీట్లో కూర్చుని ఉన్నాడు. కూర్చున్న దగ్గర్నుంచీ క్లచ్ నొక్కుతున్నాడు, వదులుతున్నాడు. ఎడమకాలి కింద పెడల్ అడుగుదాకా దిగుతోంది.

జాకీ దించింది. "చివరిదాకా తిప్పు."

రెండు వేళ్లతో తిప్పాడు. ఎడమ పక్క టైరు పట్టీకి తగిలి కీచుమంది.

ఎక్కడ తప్పు జరిగిందో అక్కకు ఆ చప్పుడులోనే తెలిసిపోయింది.

"ఏమైందక్కా?"

"కొంచెం చాల్లేదురా. ఇంకో ఏడు మిల్లీలు కావాలి."

"అంతేగా! నేను చివరిదాకా తిప్పను. వీధి చుట్టూ ఒక్క రౌండు వేసొస్తా."

"టైరు కోసుకుపోతుంది. దిగు."

"అక్కా, ఒక్క రౌండు."

"చెప్తే వినవేంట్రా? నా షెడ్డులోంచి అలాంటి బండి బయటికి పోదు. దిగు!"

ఆమె గొంతులో ఉన్న కోపం తన మీద తనకు ఉన్నదే. అతను దిగాడు. తన కాళ్లమీద తనే నడిచి ఇంటికెళ్లాడు.

మామ దగ్గర ఆ మందం లోహం లేదు. అది వచ్చేసరికి రెండు వారాలు, వచ్చాక మామకు జ్వరం. మొత్తం అయిదు వారాలు పట్టింది. ఈసారి బండిని నేలమీద నిలిపి, తొట్టిలో ఇసుక బస్తాలు వేసి కొలిచి ఇచ్చింది. ముప్ఫై రెండు. బిగించాక ఎటు తిప్పినా చిన్న చప్పుడు లేదు. ముసల్ది మళ్లీ భుజాలు విప్పుకుని నిలబడింది. ఖాళీ రోడ్డు మీద అక్క ఒక్కతే నడిపి చూసింది. చెయ్యి వదిలేసినా గీత గీసినట్టు పోయింది. ఇరవై ఏళ్లలో అంత శుభ్రమైన పని తను చేయలేదని ఆమెకు తెలుసు. కబురు పెట్టింది.

తమ్ముడు మరదలి భుజం పట్టుకుని వచ్చాడు. ఎడమ పాదం నేలను ఈడుస్తోంది. ఇద్దరూ కలిసి సీట్లోకి ఎక్కించారు. అతను రెండు చేతులతో ఎడమ మోకాలు ఎత్తి పాదాన్ని పెడల్ మీద పెట్టుకున్నాడు. నొక్కాడు. పెడల్ సగం దిగి, వణికి, పైకొచ్చేసింది. మళ్లీ నొక్కాడు. మెడ నరాలు తాళ్లలా తేలాయి. మూడోసారి పాదం పెడల్ మీంచి జారి పక్కకు పడింది. దాన్ని మళ్లీ ఎత్తుకోలేదు.

మరదలు బయటికెళ్లి గోడవైపు తిరిగి నిలబడింది.

అక్క పక్క సీట్లో కూర్చుంది.

"తప్పు నాదేరా" అంది. "మొదటిసారి జాకీ మీద ఉండగా కొలిచాను. నేల మీద కొలిచి ఉంటే ఆ రోజే అయిపోయేది. ఆ రోజు నీ కాలు బాగానే ఉంది."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"జాకీ మీద కొలుస్తున్నావని. నేనూ పద్దెనిమిదేళ్లు బండి తోలినవాణ్నే కదక్కా. కళ్లముందే చూశాను."

"మరి చెప్పలేదేంట్రా!"

"పని అయిపోతే నేను తోలాలి. తోలలేకపోతే? పని సాగినన్నాళ్లూ పొద్దున లేవడానికి ఒక సాకు ఉండేది. ఇంకో రెండు వారాలు సాగితే బాగుండనిపించింది. స్పేసర్లు చాలవని తెలిసీ ఊరుకున్నా." ఆగి, "కాలు ఇంత తొందరగా మోసం చేస్తుందనుకోలేదు" అన్నాడు.

అక్కకు ఒక్క క్షణం అతన్ని లాగి కొట్టాలనిపించింది. ఆ వెంటనే ఆ కోపమూ జారిపోయింది. ఇద్దరి తప్పూ కలిస్తే ఒక్క రౌండు పోయింది, అంతే. ఒక్క రౌండు వేసి ఉంటే మాత్రం ఏమయ్యేది అని తనకు తను సర్దిచెప్పుకోబోయింది. మనసు ఒప్పుకోలేదు.

తమ్ముడు తల తిప్పాడు. కళ్లలో పాత వెలుగు. "క్లచ్‌కి చేతి లివర్ పెడితే? నేను ఎవరికో పెట్టగా చూశాను. గేరు రాడ్డు మీదే ఉంటుంది. నొక్కితే చాలు. దానికేం సామాన్లు కావాలో చూడక్కా."

స్టీరింగు మీద ఉన్న అతని కుడిచేతిని అక్క చూసింది. వేళ్లు వాటంతట అవే లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి. సరేలేరా, చూస్తాను అనడం ఎంత తేలికో ఆమెకు తెలుసు. యార్డులు తిరగొచ్చు, మామకు బొమ్మ గీసివ్వొచ్చు, ఇంకో నెల సాగుతుంది. ఆ నెల చివర ఇదే సీట్లో మళ్లీ ఇలాగే కూర్చోవాలి.

"లేదురా" అంది. "ఇక దీనికి చెయ్యాల్సిన పనేం లేదు."

అతను తలూపాడు. "అయితే నువ్వే తోలు."

తోలింది. అద్దాల బజారు మీదుగా, పాత మలుపులన్నీ తిరిగి. ముసల్ది నీటిలో పడవలా పోయింది. పక్క సీట్లోంచి అతను మూడు చోట్ల "గతుకు" అన్నాడు. మూడుసార్లూ ఆమె తప్పించింది. ఒక కొట్టువాడు చెయ్యి ఊపితే తమ్ముడు తల మాత్రం ఊపాడు. ఇంటి ముందు దించేటప్పుడు, "బాగా కుదిరిందక్కా" అన్నాడు. ఆ తర్వాత మళ్లీ ఎప్పుడు తీసుకెళ్తానన్నా రానన్నాడు.

చలికాలంలో ముసల్దాన్ని మొక్కలు అమ్ముకునే మనిషికి ఇచ్చేశారు. తోలుకుపోయేటప్పుడు చాలా సూటిగా పోతోందని మెచ్చుకున్నాడు. వారం తిరక్కుండా ముందు చక్రాల నట్లు మళ్లీ బిగించుకోమని అక్క రెండుసార్లు చెప్పింది. విన్నాడో లేదో తెలియదు.

ఎండలు ముదిరేసరికి తమ్ముడికి మాట కూడా పోయింది. కళ్లతోనే అడిగేవాడు. అక్క రోజూ షెడ్డు మూసి వెళ్లి, మరదలు మిషను ముందు కూర్చునేందుకు రెండు గంటలు వీలు చేసేది. నీళ్లు, దిండు, ఫ్యాను, ఇవన్నీ చూపును బట్టి కనిపెట్టడం నేర్చుకుంది.

ఒకరోజు అతను తలుపు వంకే చూస్తూ ఉండిపోయాడు. తలుపు వెయ్యాలా అంది. రెప్ప కదల్లేదు. తియ్యాలా అంది. మరదల్ని పిలవాలా? రేడియోనా? బయటికి తీసుకెళ్లాలా? బండి గురించా? తనకు తోచినవన్నీ అడిగింది. అడిగినకొద్దీ అతని కళ్లలో నీళ్లు నిండాయి కానీ రెప్ప మాత్రం అవునని పడలేదు.

మిషను ఆపి మరదలు వచ్చింది. "అటు తిప్పి పడుకోబెట్టమంటున్నాడేమో వదినా."

ఇద్దరూ కలిసి పక్కకు తిప్పారు. దిండు సర్దారు. అతను కళ్లు మూసుకున్నాడు. ఊరట వల్లనో, విసుగు వల్లనో. అతను అడిగింది ఏమిటో అక్కకు ఆ రోజూ తెలియలేదు, ఆ తర్వాతా తెలియలేదు.