తిరుగు కొలత

కర్రకు పెద్ద తల ఉంటే బంతి దూరం పోతుందనుకోవడంలో వింతేమీ లేదు, పెద్ద చెంబుతో ముంచితే ఎక్కువ నీళ్ళు వస్తాయి, పెద్ద తాళం చూస్తే దొంగ వెనక్కి పోతాడనిపిస్తుంది, మనసు ఈ లెక్కలన్నీ బడికి వెళ్ళకముందే నేర్చుకుని తర్వాత ఎంత చదివినా వదలదు. నన్నూ వదల్లేదు. పద్నాలుగేళ్ళుగా గోల్ఫ్ కర్రలు బాగుచేస్తున్నాను. అయినా కొత్త డ్రైవరు, అంటే బంతిని బాగా దూరం కొట్టే కర్ర, పెట్టెలోంచి తీసి, దాని ఉబ్బెత్తు తలను అరచేతిలో ఆనించుకోగానే, ఇదైతే కొడుతుంది అనిపిస్తుంది. అనిపించడం వేరు, మామయ్యగారికి చెప్పడం వేరు. నిజానికి నేను చెప్పలేదు, అంకె చదివాను, అంతే. అంకె చదవడం చెప్పడం కాదా అని మూడు రోజులుగా నన్ను నేను అడుగుతున్నాను. ఇప్పుడు ఆయన పాత డ్రైవరుకు పట్టు మార్చడానికి రబ్బరు కోస్తూ కూడా అదే అడుగుతున్నాను. బ్లేడు బొటనవేలి దాకా వచ్చి ఆగింది.

నా గది ప్రాక్టీసు మైదానం చివర ఉంటుంది. ఒక బల్ల, కర్రను బిగించే ఇనప పట్టకారు, జిగురు డబ్బాలు, తుడిచి తుడిచి గట్టిపడిన గుడ్డలు. గోడకు అవతల దట్టమైన పరదా ఒకటి వేలాడుతుంది. జనం దాని ముందు నిలబడి బంతులు కొడతారు. నేల మీద పెట్టిన చిన్న యంత్రం బంతి వేగాన్ని, అది లేచిన కోణాన్ని పట్టుకుని, పరదా లేకపోతే అది ఎన్ని గజాలు ఎగిరేదో తెర మీద చూపిస్తుంది. ఆ తెరను ఎప్పుడూ నా వైపే తిప్పుకుంటాను. అంకె కనబడితే మనిషి బంతిని వదిలేసి అంకెను కొట్టడం మొదలుపెడతాడు. అందుకని నేనే చదివి వినిపిస్తాను. ఇది నేను పెట్టుకున్న పద్ధతి. దీని మీద నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

మామయ్యగారు సర్వేయరుగా పనిచేసి రిటైరయ్యారు. జీవితమంతా భూమి కొలిచిన మనిషి. ఏదైనా ఒక చివర నుంచి కొలిస్తే, రెండో చివర నుంచి వెనక్కి మళ్ళీ కొలవందే నమ్మరు. దాన్ని తిరుగు కొలత అంటారు. మా పెళ్ళయిన కొత్తలో బీరువా కొనడానికి వచ్చి తలుపును ఎడమ నుంచి కుడికి కొలిచారు, తర్వాత కుడి నుంచి ఎడమకు కొలిచారు. "తలుపు అదే కదా నాన్నా" అని కూతురు నవ్వితే, "తలుపు అదేనమ్మా, కొలిచేవాడే మారుతుంటాడు" అన్నారు. నా కొలతల సంగతి చెప్పక్కర్లేదు. పదకొండేళ్ళుగా నన్ను "అల్లుడుగారూ, మీరు" అనే పిలుస్తూ, బయటివాళ్ళకు మాత్రం "కర్రలకు జిగురు పూస్తారు" అని పరిచయం చేసేవారు.

మంగళవారం మధ్యాహ్నం వచ్చారు.

"అల్లుడుగారూ, ఒక్క మాట నిజం చెప్పండి. తల పెద్దదైతే బంతి దూరం పోతుందా, లేక అదంతా అమ్మేవాళ్ళ గొడవేనా?"

"కొట్టి చూద్దాం మామయ్యగారూ. మీకు అనుమానం ఎందుకొచ్చింది?"

"నాతో ఆడే ఆ పళ్ళ డాక్టరు కొత్తది కొన్నాడు. గుమ్మడికాయంత ఉంది. ఏడో హోల్ దగ్గర చెరువు మీదుగా కొట్టి నా వైపు తిరిగి నవ్వాడు. పళ్ళు పీకేవాడి నవ్వు ఎలా ఉంటుందో మీకు తెలుసుగా."

ఆ చెరువు దాటాలంటే బంతి గాలిలోనే నూట ఎనభై ఆరు గజాలు పోవాలి. భుజానికి ఆపరేషన్ అయినప్పటి నుంచి, అంటే ఆరేళ్ళుగా, మామయ్యగారు దాన్ని దాటించడం మానేసి కుడి పక్కగా చిన్న దెబ్బ కొట్టి చుట్టూ తిరిగి వెళ్తున్నారు. ఆ చుట్టుదారిలో నడిచేటప్పుడు ఎవరితోనూ మాట్లాడరట.

ఆయన పాత డ్రైవరు, నా దగ్గరున్న కొత్త పెద్ద తల డ్రైవరు, రెండింటికీ బంతిని తాకే మొహం మీద తెల్లటి పౌడరు చల్లాను. బంతి ఎక్కడ తగిలిందో దాని మీద మచ్చ పడుతుంది. ముందు పాతదానితో కొట్టారు. దాని తల పిడికిలి కంటే కాస్త పెద్దది, అంతే. సగటు నూట డెబ్బై ఎనిమిది. భుజం నొప్పిగా ఉందని కాసేపు కూర్చున్నారు. ఈలోపు పాత గిరాకీ ఒకాయన వచ్చి నాలుగు బంతులు కొట్టి పోయాడు. మేం వాడే ప్రాక్టీసు బంతులు చవకవి, తక్కువ దూరం పోతాయి. అసలు ఆట బంతి అయితే ఎంత పోయేదో చూపమంటే యంత్రం ఆ తేడా కలిపి చూపిస్తుంది. దానికో మీట ఉంది. ఆయన అడిగాడని నొక్కాను. తీయడం మరిచిపోయాను. తర్వాత మామయ్యగారు పెద్ద తలతో కొట్టారు, ఆట నియమాలు ఒప్పుకునేంతలో అన్నిటికంటే పెద్దది.

"నూట తొంభై మూడు" అని చదివాను.

ఆయన కర్రను నేలకు ఆనించి పరదా వైపు చూశారు. మళ్ళీ పాతదానితో కొడతానంటారని ఎదురుచూశాను. అనలేదు. "తిరుగు కొలత వద్దా" అన్న మాట నా గొంతు దాకా వచ్చింది కూడా.

"ఇంకేం కొలుస్తాం. నీ కొలత కదా నాయనా" అన్నారు.

నీ. నాయనా. ఆ రెండు మాటలకు పదకొండేళ్ళు పట్టింది. పాతదానికి కొత్త పట్టు వేసి, ఎవరైనా నేర్చుకునేవాళ్ళకు ఇచ్చెయ్యమని బల్ల మీద పెట్టి, కొత్తది కొనుక్కుని వెళ్ళిపోయారు.

తెర ఆర్పేటప్పుడు మూలన ఆకుపచ్చ చుక్క కనిపించింది, మీట ఇంకా నొక్కే ఉందని. తీసేసి మళ్ళీ లెక్క వేయించాను. కొత్తది నూట డెబ్బై తొమ్మిది. ఒక్క గజం తేడా. అప్పుడే కనిపించింది అంటున్నాను గానీ, పద్నాలుగేళ్ళలో నా కన్ను ఆ మూలకు పోని రోజు లేదు. కన్ను చూసిందేమో, నేను చూడలేదేమో. మనిషిలో ఈ ఇద్దరూ ఒకే గదిలో ఉంటూ ఒకరి సంగతి ఒకరికి చెప్పకుండా ఎంతకాలమైనా గడిపేయగలరు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి మా ఆవిడ బట్టలు మడతపెడుతోంది.

"నాన్న ఫోన్ చేశాడు. అరగంట. అందులో పావుగంట నీ గురించే."

"ఏమంటారు?"

"మా ఆయన సైంటిస్టట. ఇన్నేళ్ళు కాపురం చేసి నేనే కనిపెట్టలేకపోయాను చూడు." చొక్కా దులిపింది. "ఆదివారం చెరువు మీదుగానే కొడతానని పళ్ళ డాక్టరుకు చెప్పేశాడు. నన్ను కూడా వచ్చి చూడమన్నాడు."

"బాగుంది."

"బాగుందంటూ ఆ మొహమేంటి? నువ్వే వెళ్ళి ఆ డాక్టరు దగ్గర పన్ను పీకించుకుని వచ్చినట్టున్నావు."

అప్పుడే చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. మొదట నేను భయపడింది ఆయన బంతి నీళ్ళలో పడుతుందని కాదు, నా కొలత మళ్ళీ జిగురు పూసేవాడి కొలత అయిపోతుందని. ఇది ఒప్పుకోవడానికి ఒక రోజు పట్టింది. రెండో రోజు ఇంకో సంగతి తోచింది. బంతి నీళ్ళలో పడితే మామయ్యగారు నన్ను అనుమానించరు. కొలత సరైందే, నేనే సరిగ్గా కొట్టలేదు అనుకుంటారు. మళ్ళీ కొడతారు, ఇంకా గట్టిగా, ఆ భుజంతో. నన్ను నమ్మినందుకు తనను తాను నమ్మడం మానేస్తారు.

బ్లేడు పక్కన పెట్టి పాత కర్ర మొహాన్ని కిటికీ వైపు తిప్పాను. పౌడరు ఇంకా ఉంది. మచ్చలన్నీ నట్టనడుమ, ఒక నాణెం కింద దాచేయగలిగినంత చోటులో ఉన్నాయి. పెద్ద తల చేసే మేలు ముఖ్యంగా ఒకటే, నడుమ తగలని దెబ్బను మన్నిస్తుంది, పక్కకు తగిలినా దూరం మరీ పడిపోనివ్వదు. మామయ్యగారి దెబ్బ పక్కకు పోదు. మన్నించడానికి ఆయన దగ్గర తప్పే లేదు. ఆయన పోగొట్టుకున్నది వేగం. దాన్ని ఏ తలలోనూ పోసి ఇవ్వలేను.

"నాయనా, అయిందా?"

గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఇస్త్రీ చొక్కా, చంకలో కొత్త కర్ర. శుక్రవారం వస్తానని ముందే చెప్పారు, దాని పట్టు కాస్త లావు చేయాలట. సగం కోసిన రబ్బరు చూసి, "ఇదింకా ఇక్కడే ఉందే" అన్నారు.

"మామయ్యగారూ, తిరుగు కొలత తీద్దాం."

"ఎందుకు?"

"మొన్న వెళ్ళేటప్పుడు కొలిచాం. వచ్చేటప్పుడు కొలవలేదు."

ఆయన నన్ను కాసేపు చూశారు. పొలం గట్టు మీద నిలబడి, ఇద్దరు రైతుల్లో ఎవరు రాయి జరిపారో కనిపెట్టే చూపు అయి ఉంటుంది అది. చేతి గడియారం విప్పి జేబులో వేసుకుని, పరదా ముందుకు నడిచారు. గ్లవ్ తొడుక్కుంటుంటే నేను పాతదాని సగం కోసిన పట్టుకు టేపు చుట్టి, తెర మూలన చుక్క వెలగడం లేదని మూడుసార్లు చూశాను.

ఒక్కోదానితో మూడేసి, మొత్తం ఆరు కొట్టారు. దెబ్బ దెబ్బకీ పరదా వెనక్కి ఊగి నెమ్మదిగా నిలబడింది. తెర మీద రెండు వరుసలు వచ్చాయి. పాతది నూట డెబ్బై ఎనిమిది, కొత్తది నూట డెబ్బై తొమ్మిది.

"ఎంత?" అన్నారు, వెనక్కి తిరగకుండానే.

నూట తొంభై మూడు నా నాలుక మీద సిద్ధంగా ఉంది. మొన్న చదివిందే కాబట్టి దానికి కొత్తగా ధైర్యం కూడా అక్కర్లేదు. ఆయన భుజం నెమ్మదిగా నిమురుకుంటూ, పరదా వైపే చూస్తూ, నేను చదివేదాకా ఆగుతున్నారు. అంత నిశ్చింతగా ఎవరూ నా కోసం ఎదురుచూసినట్టు గుర్తులేదు.

"ఇటు చూడండి మామయ్యగారూ" అని, తెరను అంచు పట్టుకుని ఆయన వైపు తిప్పాను.