సార్ అనొద్దన్నాక

మంగళవారం నుంచి మా ఆఫీసులో ఖాళీలు రాలుతున్నాయి. ఒక్కొక్కటి టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. కంటికి కనపడదు, కాలికి తగులుతుంది. బరువు కిలోన్నర, అటూ ఇటూ.

ఎక్కణ్ణుంచి రాలుతున్నాయో నాకు తెలుసు. సోమవారం పొద్దున నా టీమ్‌లోని ముగ్గురినీ కూర్చోబెట్టి, ఇకమీదట నన్నెవరూ సార్ అనొద్దని చెప్పాను. చలపతి అనండి చాలు, గారు కూడా వద్దన్నాను. బుధవారం ఇంకాస్త ఊపొచ్చి అండీ కూడా తీసేశాను. శామీర్‌పేట దగ్గర ఒక రిసార్టులో టీమ్ లీడర్ల శిక్షణకు వెళ్లొచ్చినవాణ్ణి మరి. రెండు రోజులు నేల మీద కూర్చోబెట్టి, అందరూ సమానమని మాతో చప్పట్లు కొట్టించారు. మంచి సంస్కృతి అంటే ఇదేనని నేను గట్టిగా నమ్మాను.

నేను చెప్పగానే ముగ్గురూ తలూపారు. తలూపడంలో మావాళ్లు దిట్టలు.

ఊపారే గానీ, నలభై నాలుగేళ్ల మనిషిని పేరు పెట్టి పిలవడానికి ముగ్గురిలో ఒక్కరికీ నోరు రాదు. అందుకని నాతో మాట్లాడబోయే ముందు, సార్ ఉండాల్సిన చోట ఆగుతారు. ఆగినంత మేర ఒక ఖాళీ నేల మీద పడుతుంది. ఆ తర్వాతి మాట ఇక బయటికి రాదు. ఇంజను లేకుండా రైలు పెట్టెలు కదలవు కదా.

హౌస్‌కీపింగ్ యాదగిరి చీపురు గోడకు ఆనించి నా దగ్గరికి వస్తాడు. అతను కాంట్రాక్టు మనిషి, మా టీమ్ కాదు, కాబట్టి అతని నోట్లో సార్ భద్రంగా ఉంది.

"ఇవి తడి చెత్తల ఎయ్యాల్నా, పొడి చెత్తల ఎయ్యాల్నా సార్?"

నేను ఒకదాన్ని చేతుల్లోకి తీసుకుని చూస్తాను. చల్లగా ఉంది. లోపల ఎవరో ఊపిరి బిగబట్టుకుని ఉన్నారు.

"తడి," అంటాను.

"అయితే రేపటికల్ల వాసనొస్తయి సార్," అని వెళ్లిపోతాడు.

అతను చెప్పినట్టే అవుతుంది. గురువారం పొద్దున ఫ్లోరంతా చెప్పని మాటల వాసన. నానబెట్టి మరిచిపోయిన శనగల వాసనకు దగ్గరగా ఉంటుంది. గేటు దగ్గర నా కార్డు పెడితే, మిషను నా ఫొటో బదులు ఒక కుర్చీ ఫొటో చూపించి లోపలికి రానిస్తుంది.

మేం చేసే పని ఏమిటో చెప్పాలి. జిల్లాల్లోని డయాలసిస్ సెంటర్లలో ఎవరు ఏ రోజు, ఏ గంటకు, ఏ మంచం మీద పడుకోవాలో మా సాఫ్ట్‌వేర్ చెబుతుంది. మొత్తం పదకొండు వందల మంది. కొత్త వెర్షన్ శుక్రవారం సాయంత్రం నాలుగింటికి వెళుతుంది. శనివారం నుంచి వంతులు అదే వేస్తుంది. వంతు తప్పితే ఆ మనిషి ఒళ్లంతా నీరు పట్టి, ఊపిరాడక కొట్టుకుంటాడు. ఈ ఒక్క సంగతి మరిచిపోకుండా ఉండటమే నా ఉద్యోగం.

ప్రవల్లిక నాకు ఏదో చెప్పాలనుకుంటోంది.

ఎనిమిది నెలల కిందట చేరింది. జనగామ అమ్మాయి, ఇరవై నాలుగేళ్లు. రోగుల వివరాలు చూసే భాగం ఆమెదే. సోమవారం మధ్యాహ్నం ఒకసారి వచ్చి నిలబడి వెళ్లిపోయింది. మంగళవారం నుంచి గంటకోసారి నా బల్ల దగ్గరికి వస్తోంది, నోరు తెరుస్తోంది, ఒక ఖాళీని వదిలి వెళుతోంది. మిగతావాళ్లవి టిఫిన్ డబ్బాలైతే ఆమెవి గ్యాసు సిలిండర్లు. అంత పెద్దదాని వెనక చిన్న మాట ఉండదు. నేను కుర్చీలో కూర్చోలేకపోతున్నాను. లేస్తాను, కాలికి తగిలించుకుంటాను, మళ్లీ కూర్చుంటాను.

"చెప్పు ప్రవల్లికా," అంటాను.

ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఇంకో సిలిండరు దొర్లుతుంది.

పక్క బల్ల నుంచి నస్రీన్ కల్పించుకుంటుంది. టెస్టింగ్ ఆమెదే. మల్లేపల్లిలో పుట్టి పెరిగింది, ఏదున్నా మొహం మీదే అనేస్తుంది. ఇప్పుడు మాత్రం కిటికీ వైపు తిరిగి అంటుంది, కిటికీనైతే ఏమనీ పిలవక్కర్లేదు.

"మీరు పిలిస్తే అది మీ మాట అయితది. తను పిలిస్తేనే తన మాట బయటికొస్తది," అని కిటికీతో అంటుంది.

"పోనీ తనని కూడా కిటికీతో చెప్పమను."

"చెప్పింది. చిన్న మాటలైతే అద్దానికి తగిలి మీ దాకా వస్తయి. పెద్దది కదా, అవతలికి పోయింది."

"మెయిల్ రాయమను."

"డియర్ తర్వాత ఏం రాయాలె?"

నేను ప్రవల్లిక స్క్రీన్ చూస్తాను. పంపని మెయిళ్లు నలభై ఒకటి ఉన్నాయి. ఒక్కోదాంట్లో ఒక్కో డియర్ ఉంది, పక్కన కామా ఉంది.

విషయమేమిటో నస్రీన్‌కూ తెలియదు. ఏ తప్పు దొరికినా ముందు నాకే చెప్పాలని, నలుగురిలో ఎవరి పరువూ పోకూడదని నియమం పెట్టింది నేనే. ఆర్నెల్ల కిందట పెట్టాను. దానికి కూడా ముగ్గురూ తలూపారు.

శుక్రవారం పొద్దుటికి ఖాళీలు నడుం దాకా వస్తాయి. విడుదల ఆపేద్దామని ఫారం తెరుస్తాను. ఆపడానికి కారణం రాయాల్సిన గడి ఒకటి ఉంది. నా దగ్గర కారణం లేదు, ఖాళీలే ఉన్నాయి. ఒకదాన్ని ఎత్తి గడిలో పెడతాను. కనీసం ఇరవై అక్షరాలుండాలని ఫారం నాకు మర్యాదగా చెబుతుంది.

పదకొండింటికి నా పంతం విడిచిపెడతాను. ముగ్గురినీ నిలబెట్టి, ఇక సార్ అనొచ్చంటాను. ఫణీంద్ర ముందుకొస్తాడు. ఏడేళ్లుగా నాతో ఉన్నవాడు, కొత్త వెర్షన్ పంపే మీట అతని చేతిలోనే ఉంటుంది.

"సార్," అంటాడు.

లిఫ్టు తెరుచుకుంటుంది. మెడకు విజిల్ వేలాడదీసుకున్న ఒకాయన దిగి, "చెప్పండి," అంటాడు. ఎవరో మాకు తెలియదు. ఫణీంద్ర ఇంకోసారి అంటాడు. మెట్ల మీంచి నల్లకోటు వేసుకున్న టికెట్ కలెక్టరు వస్తాడు. ఆరుసార్లు అనేసరికి ఆరుగురు సార్లు మీటింగు గదిలో కూర్చుని, టీ ఏమైందని అడుగుతున్నారు.

"మాటని నాలుగు రోజులు తాళం వెయ్యని ఇంటిలా వదిలేశాం. వేరేవాళ్లు దిగిపోయారు," అని ఫణీంద్ర తన కాఫీ కప్పుతో అంటాడు. అతను నాతో మాట్లాడాల్సింది ఈ మధ్య కప్పుతోనే మాట్లాడుతున్నాడు.

"అయితే చలపతి అను."

అతను రెండు చేతులూ బల్ల మీద ఆనిస్తాడు. "చ," అంటాడు. కింది వరసలో పన్ను ఒకటి ఊడి కీబోర్డు మీద పడుతుంది. దాన్ని టిష్యూలో చుట్టి జేబులో పెట్టుకుంటాడు.

"లంచ్ అయ్యాక ఇంకోసారి ట్రై చేస్తాను," అని కప్పుతో చెబుతాడు. నిజంగానే చేస్తాడు. లంచ్ తర్వాత ఇంకో పన్ను పోతుంది.

మూడుంబావుకి నేను లేచి ప్రవల్లిక దగ్గరికి బయలుదేరతాను. మా ఇద్దరికీ మధ్య పన్నెండు అడుగులు. ఆమె సిలిండర్ల మీంచి ఎక్కి దిగి, మధ్యలో రెండుసార్లు కూర్చుని, ఇరవై నిమిషాలకు చేరుకుంటాను. చొక్కా తడిసిపోతుంది. ఆమె తన కుర్చీ నాకిచ్చి నిలబడబోతుంది. వద్దని నేను కింద ఒక ఖాళీ మీద కూర్చుంటాను.

"నీ వయసులో నాకూ ఒక తప్పు దొరికింది," అంటాను. "అప్పటి మా లీడు వెనకాల నిలబడి పదకొండుసార్లు సార్, సార్ అన్నాను. ఆయన వెనక్కి తిరగలేదు. ఆ మాటే పాడైపోయిందనుకున్నాను. నా టీమ్‌లో ఎవరూ దాన్ని పట్టుకుని అలా నిలబడే పని లేకుండా చేద్దామనుకున్నాను."

ఆమె కుర్చీని నా వైపు తిప్పుకుంటుంది.

"అదొక్కటే కాదులే. మీ ముగ్గురికీ నేనంటే ఇష్టం ఉండాలని కూడా ఉంది. లీడుననే నా మాట వింటున్నారేమోనని నా భయం."

ఈ మాట నేను ఎవరితోనూ అనలేదు. సిగ్గేస్తుంది. అయినా అన్నందుకు కాస్త తేలిగ్గానే ఉంది. గోడ గడియారం మూడూ నలభై చూపిస్తోంది. ఇరవై నిమిషాల్లో ఏదో జరగబోతోంది. అదేమిటో తెలిసిన ఒకే ఒక్క మనిషి నా ఎదురుగా పెదవులు బిగించుకుని కూర్చుంది. ఆ పెదవులు బిగించింది నేను.

"సార్ వద్దు, చలపతీ వద్దు," అంటాను. "నీ నోటికి ఏ పేరొస్తే ఆ పేరుతో పిలువు. నేను పలుకుతాను."

ఆమె నన్ను చూస్తుంది. స్క్రీన్ మీద పేర్ల జాబితా చూస్తుంది. మళ్లీ నన్ను చూస్తుంది.

"రాజవ్వా," అంటుంది.

"ఆఁ, బిడ్డా," అంటాను. నా గొంతు కాదు. ముసలి గొంతు, దాహంతో ఎండిన గొంతు.

ప్రవల్లిక ఇక ఆగదు.

"రాజవ్వా, నీ పేరు మీద ఇంకొకామె ఉన్నది. ఆమె కూడ రాజవ్వనే. ఇద్దరికీ అరవై రెండేండ్లే, మండలం ఒక్కటే. మా కొత్త వెర్షన్ మీ ఇద్దర్ని ఒక్కమనిషే అనుకుంటున్నది. రేపు పొద్దుగాల ఏడింటికి మీ ఇద్దరికి కలిపి ఒక్క మంచమే పడ్డది. నువ్వు అంత దూరం బస్సెక్కి వచ్చినంక నీకు వంతు లేదంటరు. ఇట్లాంటి జంటలు ఇంక ముప్పై ఆరున్నయి. నాది తప్పు. పేరు, వయసు, ఊరు కలిస్తే చాలనుకుని నేనే రాసిన. సోమవారం చూసిన. చెప్పనీకె వచ్చిన. నోట్ల పిలుపు లేకుండె."

నా మోకాళ్లు సలుపుతున్నాయి. నాలుక పిడచకట్టుకుపోయింది. రోజుకు అర లీటరుకు మించి నీళ్లు తాగొద్దని ఎవరు చెప్పారో గానీ, నాకు ఖచ్చితంగా గుర్తుంది.

"ఫణీంద్రా, ఆపు నాయనా," అంటాను రాజవ్వ గొంతుతో.

ఫణీంద్ర నా వైపు తిరుగుతాడు. కప్పు కింద పెట్టేస్తాడు. ఎవరు, ఎందుకని అడగడు. మూడూ యాభై రెండుకి ఆపేస్తాడు. కారణం గడిలో ప్రవల్లిక మాటలు టైపు చేస్తాడు. ఇరవై అక్షరాలు ఎప్పుడో దాటిపోతాయి.

మీటింగు గది తలుపు తెరిచి ఆరుగురు సార్లూ తలలు బయటపెడతారు. "ఎవరడిగితే ఆపారు?" అంటారు ఒకేసారి.

"రాజవ్వ," అంటుంది నస్రీన్, వాళ్ల మొహం మీదే.

వాళ్లు తలుపు వేసుకుంటారు.

ప్రవల్లిక ఏడుస్తోంది. పర్లేదని నేను అనను. తప్పు ఆమెదే, అది ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. నాలుగు రోజుల ఆలస్యం నాది. అదీ ఇద్దరికీ తెలుసు. ఆమె కళ్లు తుడుచుకుని కుర్చీ ముందుకు లాక్కుంటుంది. జాబితాలో మొదటి పేరు దగ్గరికి వెళ్లి గట్టిగా పిలుస్తుంది.

ఆ పేరుగల ముసలాయన మెట్లెక్కి వస్తాడు. చంకలో ప్లాస్టిక్ కవరు, కవర్లో రిపోర్టులు. ఆమె రెండో పేరు పిలుస్తుంది. పదకొండు వందల మందినీ ఒక్కొక్కరినీ చూస్తేగానీ ఎవరు ఎవరో తేలదంటుంది. నస్రీన్ కుర్చీలు వేస్తోంది. మెట్ల మీద, లిఫ్టు ముందు, కింద పార్కింగు దాకా వరస సాగుతుంది. ఎవరూ తోసుకోవడం లేదు. వంతుల కోసం ఎదురుచూడటం వీళ్లకు బాగా అలవాటు.

నేను కూడా వరసలో ఉన్నాను. నా ముందు ఆకుపచ్చ చీర కట్టుకున్న ఒకామె నిలబడి ఉంది. నా అంతే ఎత్తు. వెనక్కి తిరిగి నన్ను ఎగాదిగా చూస్తుంది.

"నువ్వు గూడ రాజవ్వనేనా?"

"ఇవాళ్టికి," అంటాను.

"అసలు పేరేంది?"

చెబుదామని నోరు తెరుస్తాను. చెప్పుకోవడానికి ఏదీ రావడం లేదు. ఆమె తొందరపెట్టదు. నా ఎడమ చెయ్యి పట్టుకుని చొక్కా మడత పైకి జరుపుతుంది. మణికట్టుకు పైన, డయాలసిస్ సూది గుచ్చడానికి వీలుగా కలిపి కుట్టిన నరం తాడులా ఉబ్బి ఉంది. లోపల రక్తం పరిగెడుతూ జుమ్మంటోంది. ఆమె నా చేతిని ఫోనులా చెవికి ఆనించుకుంటుంది.

"ఆఁ," అంటుంది చేతిలోకి. "ఆఁ, ఈడనే ఉన్నరు. ఇస్త ఉండు."

కాసేపు విని, నా చేతిని జాగ్రత్తగా నా చెవి దగ్గర పెడుతుంది.

"నీకే," అంటుంది. "నీ పేరు చెప్తలేరు. గని నిన్నే పిలుస్తున్నరు."